కథ మొదలు తెర వరకు – నందమూరి తారక రామారావుగారి స్టూడియో జీవితము

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము అను ఊళ్లు ఒకదానినొకటి అంటియున్నవి. ఒకప్పుడు నగరమునకు వెలుపలనుండిన ఈ ఊళ్లు నేడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరి, నగరములో కలిసిపోయినవి. ఉప్పల్ వైపున క్రికెట్టు మైదానము, మెట్రో రైలు స్టేషను కలవు. నాచారము వైపున పారిశ్రామికవాడ కలదు. ఈ కర్మాగారముల ప్రాంతముననే 1976వ సంవత్సరమున సినిమాలు తయారుచేయు చోటు ఒకటి వెలసినది. దానిని రామకృష్ణా స్టూడియో అందురు. నిర్మించినవారు నందమూరి తారక రామారావుగారు.

రామారావుగారిని శ్రీకృష్ణునిగానో, ముఖ్యమంత్రిగానో ఎరుగని తెలుగువారు అరుదు. కాని కథను ఎన్నుకొనుట, ధనమును సమకూర్చుట, సెట్లు వేయించుట, దర్శకత్వము వహించుట, చిత్రమును ప్రజలకు చూపుట అను పనులన్నిటిని ఒక్క గృహస్థుని క్రిందకు తెచ్చుటకై ఇరువది యేండ్లకు మించి పాటుపడిన నిర్మాతగా ఆయనను తలచుకొనువారు తక్కువ. సినిమా అనునది మూడు గంటల వినోదముగా మనకు కనబడును. దాని వెనుక ఎన్ని చేతుల పనియున్నదో, ఎంత అప్పు, ఎంత వడ్డి, ఎంత సాహసము ఉన్నదో తెలిసికొనుటకు ఆయన జీవితమును మించిన పాఠము తెలుగు దేశమున వేరొకటి లేదు.

రామారావుగారు 1923 మే 28వ తేదీన కృష్ణా జిల్లా నిమ్మకూరు గ్రామమున జన్మించిరి. తల్లి వెంకట్రామమ్మ, తండ్రి లక్ష్మయ్య చౌదరి. పెదతండ్రికి సంతానము లేకపోవుటచే ఆ దంపతులే ఈ బిడ్డను పెంచుకొనిరి. వ్యవసాయ కుటుంబము. పల్లెలో చదువు ముగిసిన పిదప విజయవాడకు చేరిరి. అచ్చట కుటుంబమునకు గడచుట కష్టమైనప్పుడు ఆ యువకుడు సైకిలుపై తిరిగి హోటళ్లకు పాలు పోసి, ఆ వచ్చిన సొమ్ముతో ఇంటికి ఆసరాయయ్యెను. పాల లెక్క చూచుకొనినవానికి పైసా విలువ తెలియును. తరువాతి కాలమున లక్షల రూపాయల వ్యయముతో చిత్రములు తీసినప్పుడును ఆయన లెక్క తప్పని మనుష్యుడని పేరుపడుటకు ఈ బాల్యమే కారణము కావచ్చును.

విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో ఆ కాలమున తెలుగు బోధించినవారు విశ్వనాథ సత్యనారాయణగారు. అచ్చటనే ఒక నాటకమున నాగమ్మ అను స్త్రీ వేషము రామారావుగారికి వచ్చెను. మీసము తీయుటకు ఇష్టపడక, మీసముతోనే రంగమెక్కుటచే మీసాల నాగమ్మ అను పేరు నిలిచిపోయెను. పిదప గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టము పొందిరి. విద్యార్థి దశలోనే మిత్రులతో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటరు అను పేర నాటకములాడిరి. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. నాటక సమాజమునకు పెట్టుకొనిన ఆ పేరే తరువాత ఆయన చిత్ర నిర్మాణ సంస్థకు వచ్చినది.

1947లో సర్వీసు కమిషను పరీక్షలో నెగ్గి సబ్ రిజిస్ట్రారు ఉద్యోగము సంపాదించిరి. ఆనాటి పల్లెటూరి కుటుంబమునకు సర్కారు కొలువన్న వంశమునకంతకు వెలుగు. ఆ కొలువును కొలది దినములలోనే విడిచి మద్రాసు రైలెక్కుట సామాన్యమైన సాహసము కాదు. చిత్రరంగమున దర్శకుడు బి.ఎ. సుబ్బారావుగారు ఆయనను 'పల్లెటూరి పిల్ల'కు నాయకునిగా ఎన్నుకొనిరి. కాని ముందుగా తెరపై కనబడినది ఎల్.వి. ప్రసాదుగారి దర్శకత్వమున, కృష్ణవేణిగారి నిర్మాణమున 1949 నవంబరు 24న విడుదలయైన 'మనదేశం'. అందు ఆయనది పోలీసు ఉద్యోగి వేషము.

ఆ పిమ్మట రామారావుగారు విజయా సంస్థలో నెల జీతముపై చేరిరి. బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు నడపిన ఆ సంస్థను గురించి కొంత చెప్పక తప్పదు. మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో వారి చిత్రములు తయారగుచుండెను. రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే, కళాదర్శకులు గోఖలే, కళాధర్, సంగీత దర్శకుడు ఘంటసాల ఒకే సంసారమువలె పనిచేసిరి. దర్శకుడు కె.వి. రెడ్డిగారు ఒక్క అడుగు ఫిల్మైనను తిరుగక పూర్వమే కథనంతటిని వ్రాయించి, ఒక్కొక్క దృశ్యము ఎన్ని నిమిషములు పట్టునో గడియారముతో లెక్కవేసి ఉంచెడివారు. ఇల్లు కట్టువాడు ముందు కొలతలు వేసికొనినట్లే ఇదియును. చిత్రీకరించిన పిదప కత్తిరించి పారవేయు ఫిల్ము తగ్గును. తగ్గిన కొలదియు ధనము మిగులును.

ఈ పద్ధతి నుండి వచ్చినవే 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్'. పాతాళభైరవిలోని తోటరాముడు రామారావుగారిని ప్రతి పల్లెకు పరిచయము చేసెను. మాయాబజారులోని కృష్ణుడు ఆయనకు దేవుని రూపమును కట్టబెట్టెను. లోకము ఈ రెండు వేషములను చూచెను. ఆ యువకుడు మాత్రము వేషము వేసికొని ఊరకుండలేదు. కథ ఎట్లు తీర్చబడుచున్నదో, దీపములు ఎచ్చట కట్టుచున్నారో, వడ్రంగులు కలపను ఎట్లు వాడుచున్నారో చూచుచుండెను. అన్ని విభాగములు ఒక ప్రాంగణమున, ఒక మాట క్రింద ఉన్నప్పుడు చిత్రము ఎంత చక్కగా కుదురునో ఆయన అచ్చట గ్రహించెననుట ఆ తరువాతి చరిత్రమే చెప్పుచున్నది.

విజయావారికి పనిచేయుచుండగనే తమ్ముడు త్రివిక్రమరావుగారితో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటరు పేర సొంత చిత్రములు ఆరంభించిరి. మొదటిది 1953లో తాతినేని ప్రకాశరావుగారు దర్శకత్వము వహించిన 'పిచ్చిపుల్లయ్య'. రెండవది 1954లో డి. యోగానంద్ గారి 'తోడుదొంగలు'. రెండును పెద్దలు మెచ్చిన చిత్రములే. తోడుదొంగలు జాతీయ పురస్కారములలో యోగ్యతాపత్రమును కూడ పొందినది. కాని పెట్టెలో డబ్బు పడలేదు. 1955లో తీసిన జానపదము 'జయసింహ' ఆ లోటును తీర్చెను. 1957లో 'పాండురంగ మహాత్మ్యం' సంస్థను నిలబెట్టెను. మంచి కథయైనంత మాత్రమున జనము రారనియు, జనము వచ్చు కథలోనే మంచిని ఇమిడ్చి చెప్పవలెననియు అన్నదమ్ములు ఈ నాలుగు చిత్రములతో నేర్చుకొనిరి. ఈ పాఠమునకు వారు చెల్లించిన రుసుము సొంత ధనమే.

1961లో విడుదలయైన 'సీతారామ కల్యాణం' ఆయన స్వయముగా దర్శకత్వము వహించిన మొదటి చిత్రము. అయినను తెరపై దర్శకుని పేరు వేయలేదు. ఇంకొక విశేషము కలదు. అందరును రాముని వేషమును కోరుదురు. ఆయన ఆ వేషమును హరనాథ్ గారికి ఇచ్చి తాను రావణుని వేషము ధరించిరి. వేదము చదివినవాడు, శివభక్తుడు, వీణ నెరిగినవాడు అయిన రావణుని గౌరవముతో చూపిరి. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ కు అదియే తొలి చిత్రము. పది తలలు ఒక్క చోట కనబడుటకై ఫిల్మును వెనుకకు త్రిప్పి త్రిప్పి ఒక్కొక్క తలను వేరువేరుగా ముద్రించిరి. ఆ కాలమంతయు రామారావుగారు కదలక మెదలక కూర్చుండిరని ప్రతీతి. 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'నకు దర్శకుడుగా పేరు వేసికొని, కృష్ణుని, దుర్యోధనుని తానే అభినయించిరి.

ఇచ్చట ఒక మాట ఆలోచింపదగినది. రావణుని, దుర్యోధనుని, కర్ణుని నాయకులుగా చేసి చిత్రము తీయుటకు వేరొక నిర్మాత ధనము పెట్టునా యనునది సందేహమే. అప్పు ఇచ్చువారు నడచిన త్రోవనే నడువుమందురు. కథను మార్చుమందురు. సంస్థ తనదైనప్పుడు మాత్రమే మనసునకు వచ్చిన కథను మనసు వచ్చినట్లు చెప్పవచ్చును. ఆ సంస్థయే 1969లో కట్నపు దురాచారముపై 'వరకట్నం' తీసి, ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందెను. 1962లో 'గులేబకావళి కథ' తీసినప్పుడు హైదరాబాదు నుండి యువకవి సి. నారాయణరెడ్డిగారిని పిలిపించి పాటలు వ్రాయించెను. నారాయణరెడ్డిగారి సినిమా జీవితము దానితోనే ఆరంభమైనది. కొత్తవారిని నమ్ముటకును సొంత సంస్థయే ఆధారము.

అయినను ఒక కొరత మిగిలియుండెను. స్టూడియో ఇతరులది. ఆ కాలమున నిర్మాత ఫ్లోరును రోజువారీ అద్దెకు తీసికొనెడివాడు. ఫ్లోరనగా గాలి, వెలుతురు, చప్పుడు లోపలికి రాకుండ కట్టిన పెద్ద కొట్టము. పైన దూలములపై దీపములు వ్రేలాడుచుండును. క్రింద వడ్రంగులు, అచ్చు పోయువారు, రంగులు వేయువారు కలప, గోనెపట్ట, సున్నపు పిండి కలిపి రాజభవనములు కట్టుదురు. గడువు తీరగనే ఆ భవనమును విప్పి తరువాతి నిర్మాతకు చోటు విడువవలెను. నటులు ఇచ్చిన దినములు, ఫ్లోరు దొరకిన దినములు ఒకటి కానిచో పని ఆగును. పని ఆగినను వడ్డి ఆగదు. పౌరాణిక చిత్రములకు పెద్ద సెట్లు కావలెను గనుక ఈ బాధ వానికి మరింత ఎక్కువ.

ఇంతలో కాలము మారెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, హైదరాబాదు రాజధాని యయ్యెను. తెలుగు చిత్రములు తెలుగు నేలపై తయారు కావలెనను కోరిక బలపడెను. అమీరుపేటలో సారథీ స్టూడియో వెలసెను. అందు తయారైన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలయైనది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారా కొండలపై అన్నపూర్ణా స్టూడియో స్థాపించిరి. అదే సంవత్సరమున రామారావుగారు నగరమునకు తూర్పున నాచారములో రామకృష్ణా స్టూడియో నెలకొల్పిరి. దానికి పెట్టిన పూర్తి పేరులో తోటల పెంపకమునకు సంబంధించిన హార్టికల్చరల్ అను మాట కూడ కలదు. రాళ్లగుట్టలతో నిండిన పడమటి కొండపై ఒక నటుని స్టూడియో, తూర్పున మరియొక నటునిది. ఇద్దరును కృష్ణా జిల్లా రైతుబిడ్డలే.

నాచారమున తీసిన మొదటి గొప్ప చిత్రము 'దానవీరశూరకర్ణ'. కథాసంవిధానము, దర్శకత్వము, నిర్మాణము రామారావుగారివే. కర్ణుడు, దుర్యోధనుడు, శ్రీకృష్ణుడు అను మూడు వేషములును ఆయనవే. సంభాషణలు వ్రాసినవారు పండితులు కొండవీటి వెంకటకవిగారు. సంగీతము పెండ్యాల నాగేశ్వరరావుగారిది. ధూళిపాళగారు శకునిగా, కైకాల సత్యనారాయణగారు భీమునిగా, బి. సరోజాదేవిగారు భానుమతిగా నటించిరి. కుమారులలో హరికృష్ణ అర్జునుని, బాలకృష్ణ అభిమన్యుని వేషములు ధరించిరి. తిక్కనగారి భారతము చదివినవారికి కర్ణుడు ఎట్టి వీరుడో తెలియును. కాని కులము పేరిట అవమానింపబడినవాని దుఃఖమును, అతనికి రాజ్యమిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన దుర్యోధనుని స్నేహమును కథకు నడుమ నిలుపుట ఈ చిత్రము చేసిన పని.

ఇద్దరు ముగ్గురుగా ఒక్కడే కనబడుట ఎట్లని పల్లెలలో నాడు చాల చర్చ జరిగెడిది. కెమెరా ముందు సగము భాగమును మూసి ఒక వేషమును చిత్రింతురు. ఫిల్మును వెనుకకు త్రిప్పి, నటుడు వేషము మార్చుకొని వచ్చిన పిదప, మూసిన భాగమును తెరచి రెండవ వేషమును చిత్రింతురు. ఈ నడుమ కెమెరా వెండ్రుకవాసియైనను కదలరాదు. తక్కిన చోట్ల వీపు మాత్రము కనబడునట్లు వేరొకరిని నిలుపుదురు. అద్దె ఫ్లోరులో ఈ పని గడియారమును చూచుకొని చేయవలెను. సొంత ఫ్లోరులో సెట్టును విప్పనక్కరలేదు. వేకువనే వేషము వేసికొని వచ్చిన నటుడే దర్శకుడు, అతడే యజమాని గనుక ఎవరి అనుమతికిని వేచియుండనక్కరలేదు. రామారావుగారు తెల్లవారుజామున మూడు గంటలకే లేచువారు. మొత్తము చిత్రీకరణము 43 దినములలో ముగిసినదని ప్రసిద్ధి. దాదాపు నాలుగు గంటలు నడచు చిత్రమునకు ఇది అద్భుతమైన వేగము.

ఆ వేగమునకు వేరొక కారణము కూడ ఉండెను. అదే సమయమున కృష్ణ, శోభన్ బాబు, కృష్ణంరాజుగార్లు నటించిన 'కురుక్షేత్రం' కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున తయారగుచుండెను. యుద్ధ దృశ్యములకై వారు రాజస్థాను వరకు పోయిరి. ఒకే భారతము, ఒకే పండుగ. 1977 జనవరి 14, సంక్రాంతి నాడు రెండు చిత్రములును విడుదలయ్యెను. పంట ఇంటికి వచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడు పండుగ గనుక నిర్మాతలందరును సంక్రాంతికై పోటీపడుదురు. పంపిణీదారులు నైజాం, సీడెడ్, ఆంధ్ర అను ప్రాంతముల వారీగా హక్కులు కొని ముందుగా సొమ్ము ఇత్తురు. ఆ సొమ్ముతో ప్రతులు తీయించి, గోడపత్రికలు అంటించి, బండిపై మైకు కట్టించి ఊరూర చాటింపు వేయింతురు. ఆ సంక్రాంతి పోటీలో గెలుపు దానవీరశూరకర్ణునిదే. దుర్యోధనుని సంభాషణలు పండితుల భాషలో ఉన్నను, అక్షరము రానివారు సైతము వానిని కంఠస్థము చేసిరి. జనమునకు అర్థము కాదని కఠిన భాషను తీసివేయువారు ఈ సంగతిని మరువరాదు.

అదే సంవత్సరము ఆగస్టు 25న 'చాణక్య చంద్రగుప్త' వచ్చెను. అందు చాణక్యునిగా నాగేశ్వరరావుగారు, అలెగ్జాండరుగా తమిళ నటుడు శివాజీ గణేశన్ గారు నటించిరి. పోటీదారుని తన చిత్రమునకు పిలిచి, పెద్ద వేషమిచ్చి, తానే దర్శకత్వము వహించుట రామారావుగారి పెద్దరికమునకు నిదర్శనము. 1978లో 'అక్బర్ సలీం అనార్కలి', 'శ్రీరామ పట్టాభిషేకం', 1979లో ఆయన ఐదు వేషములు ధరించిన 'శ్రీమద్విరాటపర్వం', ఆ సంవత్సరమే 'శ్రీ తిరుపతి వెంకటేశ్వర కల్యాణం' వచ్చినవి. వీనిలో కొన్ని ఆడినవి, కొన్ని ఆడలేదు.

ప్రదర్శనశాలలు కూడ ఆయనకు ఉండెను. ఆబిడ్స్ లో రామకృష్ణా థియేటరు, కాచిగూడలో 1978లో అక్బర్ సలీం అనార్కలితో ఆరంభమైన తారకరామా థియేటరు ఆయనవే. తారకరామా 2022లో పునరుద్ధరింపబడి మరల తెరువబడినది. ఇట్లు కథ మొదలు తెర వరకు గల మెట్లలో ముఖ్యమైనవన్నియు ఒక గృహస్థుని చేతిలో చేరినవి. దున్నుట, నూర్చుట, అమ్ముట మూడును ఒక్క రైతే చేసినట్లున్నది. అమెరికా దేశమున హాలీవుడ్డు పెద్ద కంపెనీలు ఇట్లే స్టూడియోలను, థియేటర్లను తమ గుప్పెట పెట్టుకొనగా, 1948లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము అది చిన్నవారికి అన్యాయమని తీర్పు చెప్పి, థియేటర్లను వేరుచేయించినది. ఆ కట్టుబాటు 2020లో తొలగింపబడినది. ఇచ్చట ఒక నటుని రెండు మూడు శాలలకు అంతటి శక్తి లేదు. వానివలన ఆయనకు కలిగినది ఇతరులను అణచు బలము కాదు, తన చిత్రమునకు ఒక నీడ మాత్రమే.

అయితే సొంత స్టూడియోకు మరియొక ముఖము కలదు. అద్దె ఫ్లోరునకు పని ఉన్న దినమే ఖర్చు. సొంత ఫ్లోరునకు ప్రతిదినము ఖర్చే. కాపలావానికి జీతము ఇయ్యవలెను. దీపములు, యంత్రములు చూచుకొనవలెను. వాన కురిసిన పైకప్పు బాగుచేయింపవలెను. యజమాని చిత్రము తీయుచున్నంత కాలము ఇదంతయు గిట్టును. అతడు వేరొక పనిపై పోయినచో స్టూడియో చిన్నబోవును. రామకృష్ణా స్టూడియో విషయమున జరిగినది ఇదియే.

1982 మార్చి 29న రామారావుగారు తెలుగుదేశము పార్టీని స్థాపించి, చైతన్యరథముపై ఊరూర తిరిగి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రియైరి. వారి పరిపాలన ఈ వ్యాసమునకు విషయము కాదు. రెండు రూపాయలకు కిలో బియ్యము, 1984లో గ్రామ కరణ మునసబు పదవుల రద్దు, 1985లో తెలుగు విశ్వవిద్యాలయ స్థాపన మున్నగునవి మెచ్చినవారికిని, నొచ్చినవారికిని తెలిసినవే. సెన్సారు అభ్యంతరములచే సంవత్సరములు నిలిచిపోయిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1984 నవంబరు 29న విడుదలయై జనాదరణ పొందినది. ముందు కాలమున తీసిన పంట ఆలస్యముగా ఇంటికి చేరినట్లయ్యెను.

1989లో అధికారము పోయిన పిదప ఆయన మరల కెమెరా ముందుకు వచ్చిరి. 1991లో 'బ్రహ్మర్షి విశ్వామిత్ర', 1992లో 'సామ్రాట్ అశోక్' తానే తీసిరి. 1993లో బాపుగారి దర్శకత్వమున 'శ్రీనాథ కవిసార్వభౌముడు'గా నటించిరి. పట్టుదల తగ్గలేదు, గొంతు తగ్గలేదు. కాని జనము రాలేదు. ప్రేక్షకుల అభిరుచి మారియుండెను. ఉప్పల్ ప్రక్కనే రామంతాపురమున కేంద్రముగల దూరదర్శన్ రామాయణ భారతములను ఇంటింటికి తెచ్చియుండెను. వీనికి తోడు మరియొక కారణము కూడ తోచును. విజయా సంస్థలో రామారావుగారి అభినయమును కె.వి. రెడ్డిగారు చూచెడివారు, కథను చక్రపాణిగారు ప్రశ్నించెడివారు. మొదటి సొంత చిత్రములలో తమ్ముడు లెక్క చూచెడివాడు. అన్నియు తానే అయిన పిమ్మట కాదనువాడు లేడు. ఏ స్వాతంత్ర్యము దానవీరశూరకర్ణను సాధ్యము చేసినదో, ఆ స్వాతంత్ర్యమే తరువాతి చిత్రములకు అడ్డుచెప్పువాడు లేకుండ చేసినది.

1994 డిసెంబరులో మరల ముఖ్యమంత్రియై, 1995 సెప్టెంబరు 1న ఆ పదవి చేజారిన పిదప, 1996 జనవరి 18న రామారావుగారు హైదరాబాదులో దివంగతులైరి. సుమారు 300 చిత్రములలో నటించిన జీవితమది. అదే 1996లో నగరమునకు తూర్పుననే, హయత్ నగరు దాటిన తరువాత, రామోజీ ఫిల్ముసిటీ వెలసినది. చిత్ర పరిశ్రమలోని అధిక భాగము మాత్రము పడమట ఫిలింనగరు, జూబిలీ కొండలను ఆశ్రయించి పెరిగెను. మద్రాసులో రామారావుగారికి పాఠశాలయైన విజయా-వాహినీ స్థలమున నేడు ఆసుపత్రి, పెద్ద అంగడి కలవు. నాచారమునకు అంతటి మార్పు రాకున్నను, పూర్వపు సందడి మాత్రము నిలువలేదు.

అయినను ఆ చోటు మరువబడలేదు. 2018 మార్చి 29న, పార్టీ పుట్టిన తేదీననే, రామారావుగారి జీవితకథను చిత్రముగా తీయుటకు ఆరంభోత్సవము రామకృష్ణా స్టూడియోలోనే జరిగినది. నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు వచ్చిరి. తండ్రి వేషము ధరించినవారు కుమారుడు బాలకృష్ణగారు. ఒకప్పుడు అభిమన్యునిగా నటించిన చోటనే ఆయన తండ్రివలె కిరీటము పెట్టుకొనిరి. ఆ చిత్రము మొదటి భాగము 'కథానాయకుడు' 2019 జనవరి 9న విడుదలయైనది.

రామారావుగారి స్టూడియో జీవితము మనకు రెండు విషయములు తెలుపుచున్నది. సొంత స్థలము, సొంత పనిముట్లు, సొంత మాట లేనివాడు మనసులోని గొప్ప పనిని నెరవేర్చలేడనునది మొదటిది. పాలు పోసిన బాలుడు నాచారమున దానిని నెరవేర్చి చూపెను. ఒక్కని భుజములపై నిలిచిన సంస్థ ఆ భుజములు వేరొక బరువును ఎత్తుకొనిన దినముననే క్రుంగుననునది రెండవది. ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమును స్థాపించినవారు కొలదిమందియే. నిలిపినవారు మాత్రము నెలనెల చందా చెల్లించినవారు, చినిగిన పుస్తకమును అతికించినవారు, పుస్తకము తిరిగి తెమ్మని నిర్మొగమాటముగా అడిగినవారు. వీరందరి చేతులు ఇక ముందును ఇట్లే కలిసియుండుగాక.